రోడ్డు మీద పిల్లలూ, మన యాదృచ్ఛికవాదులూ

మన విమర్శకుల్లో కొందరికి ఒక గట్టి నమ్మకం వుంది. కథలో జరిగే ప్రతి సంఘటనకూ దాని వెనుక కారణం వుండాలనీ, ఆ కారణాలన్నీ కలిసి సమాజ గమనాన్ని పట్టి ఇవ్వాలనీ, అలా పట్టి ఇవ్వని సంఘటన సాహిత్యానికి పనికిరాదనీ వారి వాదం. ఈ సూత్రంతో నాకు తగాదా లేదు. ఈ దేశంలో అభ్యుదయ సాహిత్యం నిలబడింది దాని మీదనే. తగాదా అల్లా వారు దాన్ని ఎక్కడ, ఎలా అన్వయిస్తున్నారన్న దానితోనే. ఈమధ్య ఒక సాహిత్య సభలో, స్కూలు పిల్లలతో వెళ్తున్న ఆటో బోల్తా పడిన ఇతివృత్తంతో ఒక యువకుడు రాసిన కథ చర్చకు వచ్చింది. కథ గొప్పదేమీ కాదు. దాని లోపాలు దానికున్నాయి. కాని అక్కడ మాట్లాడిన పెద్దలొకరు ఆ లోపాల జోలికే పోలేదు. “రోడ్డు ప్రమాదం కథావస్తువు కానేరదు. ఆకలికి కారణం వుంది, కరువుకు కారణం వుంది, కట్నం చావుకు కారణం వుంది. లారీ వచ్చి గుద్దడానికి కారణమేముంది? అది యాదృచ్ఛికం. యాదృచ్ఛికాన్ని వస్తువుగా తీసుకున్నవాడు విధివాదంలో పడక తప్పదు” అని తేల్చేశారు. సభలో చాలామంది తలలు ఊపారు.

విధివాదాన్ని ఖండిస్తున్నానుకుంటూ విధివాదాన్ని ఇంత నిక్కచ్చిగా చెప్పినవారిని నేను మరొకరిని చూడలేదు. లారీ వచ్చి గుద్దడానికి కారణం లేదనడమే విధివాదం. జాతకం చూసి “వాహన గండం వుంది” అని చెప్పే సిద్ధాంతి గారు కూడా ఇంతకన్నా ఎక్కువ అనడు. ఆయన కనీసం ఒక గ్రహం పేరన్నా చెబుతాడు.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖే లెక్క ప్రకటించింది. ఏటా ఇలా పోయేవారిలో పద్ధెనిమిదేళ్లు నిండనివారు దాదాపు పదివేలమంది వుంటున్నారు. రోజుకు ఇరవై అయిదుగురికి పైనే అన్నమాట. పల్లెటూరి బడిలో ఒక తరగతికి అంతమందే వుంటారు. ఒక్కసారి జరిగినదాన్ని యాదృచ్ఛికం అనవచ్చు. ప్రతి ఏడూ దాదాపు అదే సంఖ్యలో, అదే రకం చోట్ల, అదే రకం మనుషులకు జరుగుతున్నదాన్ని ఏమనాలి? ప్రపంచమంతటా రోడ్ల మీద ఏటా సుమారు 11 లక్షల 90 వేలమంది చనిపోతున్నారనీ, అయిదేళ్ల నుంచి ఇరవై తొమ్మిదేళ్ల లోపు వయసువారి చావులకు మొదటి కారణం రోడ్డేననీ, ఈ చావుల్లో నూటికి తొంభైకి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇంత పక్షపాతంగా నడుచుకునే యాదృచ్ఛికాన్ని మన పెద్దలు ఏ తర్కశాస్త్రంలో చదివారో నాకు తెలియదు.

ఈ యాదృచ్ఛికాన్ని డబ్బున్నవాడు ఎన్నడూ నమ్మలేదు. బండి కొన్న ప్రతివాడూ థర్డ్ పార్టీ బీమా కట్టవలసిందే. ఏ బండికి ఎంత కట్టాలో ముందే నిర్ణయమై వుంటుంది. రాబోయే ఏడాదిలో ఎన్ని చావులకు, ఎన్ని విరిగిన కాళ్లకు, ఎంత చెల్లించవలసి వస్తుందో అంచనా వేయకుండా ఆ అంకె పుట్టదు. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేది మనం. బీమా కంపెనీ నిమ్మకాయలు తొక్కించదు, లెక్క కడుతుంది. ఆ లెక్క తప్పితే దానికి నష్టం గనుక తప్పకుండా చూసుకుంటుంది.

ప్రభుత్వానికీ తెలుసు. “బ్లాక్ స్పాట్” అన్న మాట ఇప్పుడు ఊళ్లలో కూడా వాడుకలోకి వచ్చింది. దానికి రవాణా శాఖ ఇచ్చిన నిర్వచనం చదవదగింది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర, మూడు సంవత్సరాల్లో చావులో, తీవ్రమైన గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరిగివుండాలి, లేదా పదిమంది చచ్చివుండాలి. అప్పుడది బ్లాక్ స్పాట్. తొమ్మిదిమంది పోయిన చోటుకు, మిగిలిన లెక్క కుదరకపోతే, ఆ హోదా లేదు. ఒక చోటికి ఇంత గుర్తింపు రావడానికి ఎవరో ఒకరి పిల్లలు సంఖ్య పూర్తి చేయవలసి వుంటుంది. అదే చోట మళ్లీ చస్తారని తెలిసే కదా ఈ నిర్వచనం రాసుకున్నది? మళ్లీ చస్తారని తెలిసినదాన్ని యాదృచ్ఛికం అనడానికి విమర్శకుడే కావాలి, ఇంజనీరు అనడు.

అసలు “ప్రమాదం” అన్న మాటనే చూడండి. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక మాటల దగ్గర ఆగే జబ్బు నాకుంది, పాఠకులు మన్నించాలి. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ఏమరినవాడు ఒకడున్నాడని ఆ మాట తనంతట తానే వొప్పుకుంటుంది. పాళీ ధమ్మపదంలో రెండో వర్గం పేరు అప్పమాదవగ్గం, ఏమరుపాటు లేకుండా వుండడాన్ని గురించిన వర్గం. అటువంటి మాట తెలుగులోకి వచ్చి, వాడగా వాడగా, చేసినవాణ్ణి వదిలించుకుంది. ఇప్పుడు ప్రమాదం “జరుగుతుంది”, “సంభవిస్తుంది”, “ముంచుకొస్తుంది”. వాన పడ్డట్టు పడుతుంది. “ఎవరి ప్రమాదం?” అని షష్ఠి పెట్టి అడిగితే ఇవాళ వాక్యమే తప్పన్నట్టు వినిపిస్తుంది. అడగవలసిన ప్రశ్న మాత్రం అదే.

మా డిగ్రీ విద్యార్థులకు పత్రికా రచన పాఠం చెబుతూ, ఒక నెలపాటు జిల్లా పేజీల్లో వచ్చే రోడ్డు వార్తలు కత్తిరించి తెమ్మన్నాను. తెచ్చారు. మృత్యుశకటం, రక్తమోడిన రహదారి, లారీ రూపంలో దూసుకొచ్చిన మృత్యువు, విధి ఆడిన వింత నాటకం, చిదిమేసిన చిన్నారి మొగ్గ, అనంతలోకాలకు – ఇదీ వరస. ప్రబంధ కవులు కూడా ఇంత శ్రద్ధగా అలంకారాలు వెతుక్కోలేదేమో. ఈ వాక్యాల్లో కర్త ఎవరో చెప్పమని ఒక అమ్మాయిని అడిగితే, కాసేపు కాగితాలు తిరగేసి “యముడండీ” అన్నది. క్లాసంతా నవ్వింది గాని ఆ అమ్మాయి వ్యాకరణం సరిగ్గానే చెప్పింది. లారీ ఎవరిది, డ్రైవరు ఎన్ని గంటలుగా నిద్ర లేకుండా నడుపుతున్నాడు, ట్రిప్పుకింత అని అతనికి కూలి కట్టేది ఎవరు, ఆ మలుపులో దీపం ఎందుకు లేదు, ఆ బడి ముందు ఎక్కడ దాటాలి – ఒక్క కత్తిరింపులోనూ లేదు. కన్నీరు మాత్రం సమృద్ధిగా వుంది. “డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమని పోలీసులు తెలిపారు” అని చివర ఒక ముక్క వుంటుంది. కర్తగా దొరికిన మనిషి ఆ ఒక్కడే, వాడూ కూలివాడే.

ఇక రోడ్డు సంగతి. మా కాలేజీ వున్న ఊరు జాతీయ రహదారి పక్కన వుంది. పక్కన అనడం రివాజు గాని, నిజానికి రోడ్డు ఊరి మధ్యనుంచే పోయింది. చెన్నై–కలకత్తా రహదారి 2000 తరువాతి సంవత్సరాల్లో స్వర్ణ చతుర్భుజి పథకం కింద నాలుగు వరుసలైనప్పుడు కోస్తా జిల్లాల్లో ఎన్నో ఊళ్లకు ఇదే గతి పట్టింది. ఇళ్లొకవైపు, పొలాలూ బడీ ఒకవైపు. అంతకుముందు పిల్లలు బడికి పోయే దారిలో ఒక రోడ్డు వుండేది. ఇప్పుడు రోడ్డు మీద పిల్లలు వున్నారు. “హైవే మీదికి పిల్లలు ఎందుకొస్తారు?” అని కార్లో పోయేవాడు విసుక్కుంటాడు. పిల్లలు హైవే మీదికి రాలేదు నాయనా, హైవేయే పిల్లల మీదికి వచ్చింది.

రోడ్డు ఎంత వెడల్పు వుండాలో తేల్చడానికి మన ఇంజనీర్లు బండ్లను ఒక కొలతలోకి మారుస్తారు. దాని పేరు ప్యాసింజర్ కార్ యూనిట్. కారు ఒకటి. లారీ గాని బస్సు గాని మూడు. సైకిలు అర. ఎద్దుబండి ఎనిమిది. కారుకు ఎంత అడ్డం వస్తే అంత అంకె అన్నమాట. పుస్తకాల సంచీ తగిలించుకుని నడిచిపోయే పిల్లవాడికి ఆ పట్టికలో అంకె లేదు. నేను లెక్కల మాస్టర్ని కాను. కాని ఒక సమాజం దేన్ని ఒకటిగా లెక్కపెట్టిందో, దేన్ని అసలు లెక్కపెట్టలేదో చూస్తే ఆ సమాజం ఎవరిదో తెలుస్తుందని మనం నలుగురం వొప్పుకుంటాం గదా.

వేగానికీ చావుకూ వున్న సంబంధం ఏ మాత్రం రహస్యం కాదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కారు తగిలితే నడిచేవాడు బతికే అవకాశమే ఎక్కువ. అరవై, డెబ్భై అయితే ఆ అవకాశం చాలావరకు పోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుందని హైస్కూలు భౌతికశాస్త్రంలోనే వుంది. జనమూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే వుంది. ఇక పిల్లవాడి సంగతి: ఆగివున్న లారీ వెనకనుంచి వచ్చేది వాడికి కనబడదు, వాడు డ్రైవరుకు కనబడడు. వచ్చే బండి ఎంత దూరంలో వుందో చూస్తాడు గాని ఎంత వేగంతో వస్తున్నదో పోల్చుకోలేడు. అది వాడి అల్లరి కాదు, వయసు. ఎనిమిదేళ్లవాడికి ఎనిమిదేళ్ల బుద్ధే వుంటుంది. వుండే బుద్ధికి తగ్గట్టు రోడ్డు వెయ్యాలి గాని, వేసిన రోడ్డుకు తగ్గట్టు పిల్లలు పుట్టాలంటే ఎలా?

“తల్లిదండ్రుల అజాగ్రత్త” అన్న వాదం మరొకటి వుంది. ఇది చదువుకున్నవాళ్ల వాదం. ఒక్క మోటారు సైకిలు మీద భార్యనూ ముగ్గురు పిల్లల్నీ ఎక్కించుకుపోయే మనిషిని చూసి వీరికి వొళ్లు మండుతుంది. నాకూ భయం వేస్తుంది. కాని ఆ మనిషి సరదాకు ఎక్కించుకోలేదు. అతని ఊరికి బస్సు లేదు. ఆటో సంగతి తీసుకోండి. ముగ్గురు ప్రయాణికుల కోసం చేసిన బండిలో పన్నెండుమంది పిల్లలు, సంచులు బయట వేలాడుతూ. ఎందుకు? ఊరి బడి సరిగా నడవక పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారని బడి ఇంకా సరిగా నడవలేదు. పట్నంలో ప్రైవేటు బడి చేర్చుకుంది, దాని బస్సు ఫీజు తండ్రి కట్టలేడు. ఆటోవాడు నెలకింత అని తక్కువకు వొప్పుకుంటాడు. వాడికి ఫైనాన్సు వాయిదా వుంది, ముగ్గుర్ని ఎక్కిస్తే డీజిలు రాదు. వాడు రోడ్డుకు ఎదురు దిశలో ఎందుకు నడుపుతాడు? డివైడరు సందు రెండు కిలోమీటర్ల అవతల వుంది, సర్వీసు రోడ్డు లేదు. ఇన్ని కారణాలు గొలుసుకట్టుగా వున్న సంఘటన మరొకటి చూపించండి. ఇంతకు మించిన కార్యకారణ సంబంధం కరువు కథలో మాత్రం వున్నదా?

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117వ నంబరు జీవో కింద ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దూరంగా వున్న ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లులు బడి గేట్ల ముందు కూర్చున్నారు. వారు చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి విద్యాశాస్త్రంతో సంబంధం లేనిది: పిల్లలు పెద్ద రోడ్డు దాటాలి. ఫైలు మీద ఆ దూరం కిలోమీటరులోపే. ఫైలు మీద రోడ్డు కనబడదు. తరువాతి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది గనుక నేనిప్పుడు దాన్ని తిట్టడానికి రాయలేదు. ఎనిమిదేళ్ల పిల్ల ఎలా నడిచిపోతుందన్నది ఆ తల్లులకు మొదటి ప్రశ్న అయితే, ఉత్తర్వు రాసినవారికి ప్రశ్నే కాలేదని చెప్పడానికి రాశాను.

చట్టం కూడా ఈ తల్లిదండ్రుల వాదాన్నే పట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జుర్మానా. అది 199ఎ సెక్షను. పద్నాలుగేళ్లవాడికి బండి తాళం ఇచ్చే తండ్రుల్ని నేను వెనకేసుకు రావడం లేదు. అలాంటివారు మా ఊళ్లోనే కొల్లలుగా వున్నారు. అయితే అదే చట్టంలో 198ఎ అని ఇంకో సెక్షను వుంది. రోడ్డును నిర్ణీత ప్రమాణాల ప్రకారం రూపొందించకపోవడం వల్ల, కట్టకపోవడం వల్ల, బాగుచేయకపోవడం వల్ల మనిషి చనిపోతేనో, అవిటివాడైతేనో, ఆ కాంట్రాక్టరుకో, సలహాదారుకో, అధికార సంస్థకో వేయగల శిక్ష ఎంత? లక్ష రూపాయల దాకా జుర్మానా. జైలు మాట లేదు. బండి తాళం ఇచ్చినవాడు మూడేళ్లు పోవాలి; వందల కోట్ల రోడ్డు తప్పుగా వేసినవాడు లక్షతో సరిపెట్టుకోవచ్చు. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదివితే వర్గ స్వభావాన్ని గురించి మనం రాసుకునే వ్యాసాల్లో సగం అక్కర్లేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు కొట్టింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. విధి ఎంత క్రూరమైనదో పత్రికలన్నీ రాశాయి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లో కుశీనగర్ దగ్గర అచ్చం అలాంటి గేటులోనే స్కూలు వ్యాను రైలు కింద పడి 13 మంది పిల్లలు పోయారు. మళ్లీ విధి. రెండుచోట్లా చర్చలో పెద్ద భాగం డ్రైవరు ఫోనులో వున్నాడా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. అయితే 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గాల మీద కాపలా లేని గేటన్నది లేకుండా చేశామని రైల్వేవారు ప్రకటించారు. గేటు తీసేసో, మనిషిని పెట్టో, కింద వంతెన కట్టో చేశారు. అలాంటి గేట్ల దగ్గర విధి అంతటితో పని మానుకుంది. డ్రైవర్ల చెవుల్లో ఫోన్లు ఇంకా వున్నాయి. అప్పటిదాకా బ్రహ్మ రాసిన రాత ఒక పద్దు కింద డబ్బు మంజూరు కాగానే చెరిగిపోయింది! మరి ఆ పద్దు 2013లో ఎందుకు మంజూరు కాలేదన్నది మాసాయిపేట తల్లులు అడగవలసిన ప్రశ్న. వారి తరఫున సాహిత్యం అడగవలసిన ప్రశ్న కూడా.

ఇవాళ హాలండ్ అంటే సైకిళ్ల దేశమనీ, అక్కడివారి సంస్కృతే అలాంటిదనీ చెప్పుకుంటాం. సంస్కృతి కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడువేల మందికి పైగా చనిపోయారు, వారిలో నాలుగువందల మందికి పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు రాసిన వ్యాసం పేరే ఉద్యమం పేరైంది: “పిల్లల హత్య ఆపండి”. తల్లిదండ్రులు వీధులకు అడ్డంగా కూర్చున్నారు, పిల్లల ఆటలకు వీధులు మూయించారు. ఇళ్ల మధ్య వీధుల్లో నడిచేవాడిదే మొదటి హక్కని 1976 నాటికి చట్టంలోకి ఎక్కించారు. వారు ప్రమాదమన్న మాట వాడలేదని గమనించాలి. హత్య అన్నారు. హత్య అన్న తరువాత కర్త ఎవరని అడగక తప్పదు. వాక్యం అలా కట్టారు గనుకనే వాదం అక్కడిదాకా పోయింది. ఆ దేశం పెట్టుబడిదారీ దేశమే, విప్లవమేమీ రాలేదు. కనుక “వ్యవస్థ మారితేగాని ఇవి మారవు” అని చేతులు కట్టుకు కూర్చునే మన మిత్రులకు కూడా ఇందులో కొంత ఇబ్బంది వుంది.

మన కథల్లో, సినిమాల్లో రోడ్డు ప్రమాదం లేదా అంటే కావలసినంత వుంది. కథ ముందుకు కదలనప్పుడు రచయిత ఒక లారీని పిలుస్తాడు. నాయకుడికి మతి పోవాలన్నా, పోయిన మతి తిరిగి రావాలన్నా, ధనవంతుడికి పశ్చాత్తాపం కలగాలన్నా లారీయే. పనిమనిషి కొడుకు కారు కింద పడతాడు, కారు యజమాని హృదయం మారుతుంది. ఆ హృదయం మారడం కోసం పిల్లవాడు చచ్చాడు. అంతకు మించి వాడికి కథలో పని లేదు. యాదృచ్ఛికం వస్తువుగా పనికిరాదన్న పెద్దలు ఈ లారీల్ని ఎన్నడూ ఆపలేదు. ఉపాయంగా వచ్చినప్పుడు అడ్డం చెప్పక, వస్తువుగా వచ్చినప్పుడు తలుపు మూయడం ఏ రకం సాహిత్య సూత్రమో చెప్పవలసిన బాధ్యత వారి మీద వుంది.

ఇక మన కథల్లోకి అసలే రానివాడు, బతికి బయటపడ్డ పిల్లవాడు. చచ్చినవాడికి రెండు పంక్తుల ఎలిజీ అయినా దక్కుతుంది. కాలు పోయినవాడు, తలకు దెబ్బ తగిలి మాట పోయినవాడు వార్తలో “క్షతగాత్రుడు” అయి, ఆ తరువాత ఎవరికీ కనబడడు. వాడు ఆస్పత్రినుంచి ఇంటికి వస్తాడు. తల్లి కూలి మానేస్తుంది. అన్న చదువు ఆగిపోతుంది. ట్రిబ్యునల్లో కేసు వాయిదాలు పడుతుంది. అక్కడ మొదట తేలవలసింది పిల్లవాడి ఖరీదు. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలులో సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 రూపాయల ఊహాదాయం రాశారు. ధరలు ఎక్కడికో పోయినా కోర్టులు చాలాకాలం పిల్లల విషయంలో ఆ అంకెనే పట్టుకు వేలాడాయి. హర్యానాలో 2007లో ట్రాక్టరు మీద తల్లిదండ్రులతో పోతున్న పన్నెండేళ్ల అమ్మాయిని లారీ కొట్టింది. ఆ పిల్ల బతికింది, కాని తలకు తగిలిన దెబ్బతో మళ్లీ పసిబిడ్డ అయిపోయింది. కింది కోర్టులు ఆమె ఆదాయాన్ని ఆ 15,000 లెక్కనే కట్టాయి. 2020లో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పి, నైపుణ్యం వున్న కార్మికుడి కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకుని, పరిహారాన్ని అరవై లక్షలు దాటించింది. ఆమెకు రాత్రింబవళ్లు ఇద్దరు మనుషులు కావాలని చెప్పి ఒక్కొక్కరికి నెలకు 5,000 రూపాయలు లెక్కవేసింది. మంచి తీర్పే. అప్పటిదాకా ఆ ఇద్దరు మనుషుల పనీ ఇంట్లోవాళ్లే చేశారు. ఆ పనికి కూలి వుంటుందని వారికి ఎవరూ చెప్పలేదు. తీర్పు వచ్చేసరికి ఆ అమ్మాయికి ఇరవై నాలుగో ఇరవై అయిదో.